పాఠశాల చరిత్రలో మూలపత్రము: ఖస్రా పహాణీని గూర్చి కొంత విచారణ

రాష్ట్ర చరిత్రను బోధించునపుడు మూలపత్రములను విద్యార్థుల చేతికీయవలెనను మాట క్రొత్తది కాదు. ఇంగ్లండులో ఎం. డబ్ల్యు. కీటింజి 1910లోనే దీనిని ప్రతిపాదించెను. 1972లో అచట మొదలైన స్కూల్స్ కౌన్సిల్ చరిత్ర పథకము ఆ ప్రతిపాదనను తరగతి గదికి తెచ్చినది. మన దేశమున 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమును, ఆంధ్రప్రదేశమున 2011 నాటి పరిధిపత్రమును ఈ మార్గమునకే మొగ్గినవి. కావున సిద్ధాంతమున వివాదము లేదు. మా సందేహమంతయు ఆచరణను గూర్చియే.

మన పాఠ్యపుస్తకములలో మూలపత్రము తరచుగా పాఠము నడుమ నొక గడిలో, నాలుగు పంక్తుల అనువాదముగా కనబడును. అది ఏ భాషలో పుట్టినదో, ఎవరు ఎవరికి ఏ పనికై వ్రాసిరో, తెలిగించినవారెవరో చాల తావుల తెలియరాదు. పాఠము ముందే చెప్పిన విషయమును ఆ పంక్తులు మరల చెప్పును. తీర్పు చదివిన పిమ్మట సాక్షిని పిలిచినట్లుండు నీ పద్ధతిలో విద్యార్థికి మిగులు పని తలయూపుటయే. ఇట్టి పత్రము అలంకారమే కాని ఆధారము కాదు.

పత్రములకు కొరత యున్నదా యనిన, లేదు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్సులో పూర్వపు దఫ్తరె దివానీ నుండి సంక్రమించిన మొగలాయి పత్రములే లక్షకు పైగా కలవు. వానిలో షాజహాను కాలమునాటి కొన్నింటిని 1950లోను, ఔరంగజేబు కాలమునాటి కొన్నింటిని 1958లోను యూసుఫ్ హుస్సేన్ ఖాన్ పరిష్కరించి ప్రకటించెను. అందు అర్జ్-ఒ-చెహ్రా యను వర్గము పాఠశాలకు మిక్కిలి తగినది. సైనికుని ముఖలక్షణములును, గుఱ్ఱము గుర్తులును అందు వ్రాసియుంచిరి. ఒకనికి మాఱుగా నింకొకడు తనిఖీకి నిలువకుండుటకై చేసిన యేర్పాటిది. ముఖమునేల వ్రాసిరి, ఎవరిపై నమ్మకము లేక వ్రాసిరి యను ప్రశ్నలు పదమూడేండ్ల విద్యార్థికి తమంత తామే తోచును. అయినను ఇవి ఫారసీ పత్రములు. విద్యార్థికిని వానికిని నడుమ ఇద్దరు ముగ్గురు అనువాదకులు నిలిచియుందురు.

అంత దూరము పోనక్కఱలేని పత్రమొకటి పల్లెలలోనే కలదు. మంచాలను ఉదాహరణముగా గైకొందము. ఇబ్రహీంపట్నము తాలూకా హైదరాబాదు జిల్లాలో నుండి, 1978లో క్రొత్తగా నేర్పడిన రంగారెడ్డి జిల్లాలో చేరినది. మంచాల నేడు ఆ ప్రాంతమున నొక మండల కేంద్రము. ఇబ్రహీంపట్నము పెద్దచెరువు ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) పేరును తలపించును. తూర్పున రేచర్ల పద్మనాయకుల రాచకొండ కలదు. స్థానిక చరిత్ర యనగానే ఉపాధ్యాయుడు ఈ రెండింటిని చూపుట సహజము. కాని భూమి మాట వచ్చినపుడెల్ల ఇండ్లలో పెద్దల నోట వినబడు పత్రము వేఱు. అది ఖస్రా పహాణీ. 1358 ఫసలీ నాటి హైదరాబాదు భూమి హక్కుల రికార్డు రెగ్యులేషను క్రింద 1954–55లో, అనగా 1364 ఫసలీలో, సిద్ధమైన యీ లెక్క నేటికిని తెలంగాణమున భూవివాదములందు మొదట అడుగబడు ఆధారములలో నొకటి. విద్యార్థి దాని పేరును బడిలో కాక ఇంటిలో నేర్చినాడు.

దీనియందలి మాటలే ఒక పాఠము. ‘ఫసలు’ అరబ్బీ పదము, పంట యని యర్థము. ఫసలీ సంవత్సరము పన్ను వసూలుకై పుట్టిన లెక్క. దానికి 590 కలిపిన క్రీస్తుశకము సుమారుగా వచ్చును. ‘పహాణీ’ మరాఠీ నుండి వచ్చినది, చూచుట యని భావము. పొలము వద్దకు పోయి చూచి వ్రాసినది పహాణీ. చూడక వ్రాసినదానిని ఏమనవలెనో గ్రామములలో నడుగవలసినదే. ఖుష్కీ, తరీ యనగా మెట్ట, మాగాణి. ఈ పదములకు విద్యార్థుల కందుబాటులో నుండు చిన్న కోశమును కూర్చుట తెలుగు శాఖల పని. దానిని చరిత్ర శాఖలపై వదలివేసి యూరకుంటిమని మేమొప్పుకొనవలెను.

మాటలకన్న గడులు ముఖ్యమైనవి. పట్టాదారు పేరొక గడిలోను, భూమిని అనుభవించువాని పేరు వేఱొక గడిలోను నుండును. రెండును ఒకటి కాని వరుసను విద్యార్థికి చూపవలెను. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారును గుర్తించినది. 1955లో ఇనాముల రద్దు చట్టము వచ్చినది. ఈ మార్పుల నడుమ వ్రాయబడినది కనుక ఆ రెండు పేర్ల వెనుక నొక పోరాటము కలదు. ఎనిమిదవ తరగతిలో నిజాము పాలననాటి భూస్వాములను, కౌలుదార్లను గూర్చిన పాఠమునకు ఇంతకన్న మంచి తోడు మాకు కనబడదు. 2020లో వచ్చిన ధరణిలో అనుభవదారు గడి లేకపోయినది. 2025లో భూభారతి చట్టము దాని స్థానమున వచ్చినది. గడిని తీసివేయుటయు చరిత్రయే యని దీనివలన తెలియును.

ఇక మా ముఖ్యమైన ఆక్షేపణ. మూలపత్రమును సత్యముగా నిలిపిన ఉపాధ్యాయుడు తెలియకయే కొందఱు విద్యార్థులకు అన్యాయము చేయును. తరగతిలో సగము మంది తాతల పేర్లు ఆ పుస్తకమున లేకపోవచ్చును. వెట్టి చేసినవారికి గడి లేదు. నీరడి, శేత్‌సింధీ వంటి గ్రామసేవకులు ఇనాము భూమి యున్నచోటనే కనబడుదురు. కూతుండ్ల పేర్లు అరుదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమునకు ముందటి పత్రమిది. పేరు లేని యింటి బిడ్డకు, ఈ యూరి చరిత్రలో మీవారు లేరని ప్రభుత్వముద్రతో చెప్పినట్లగును. ఈ భయముచేత పత్రమును దాచుట తగదు. ఎవరికై వ్రాసిరి, ఎవరిని వ్రాయలేదు అను ప్రశ్నను మొట్టమొదట వేయవలెను. పేర్లు చదువుట తరువాతి పని.

ఆచరణలో చిక్కులు లేకపోలేదు. ప్రక్కయింటి పట్టా తరగతిలో చదివినచో వివాదము వీధికెక్కును. పేర్లను, సర్వే నంబర్లను కప్పియే ప్రతిని వాడవలెను. పరీక్షలకు వేళ చాలదందురు. ఏడాదికి రెండు పత్రములు చాలును, అవియు ఎనిమిదవ తరగతికి ముందు వలదు. కాలక్రమము తెలియని విద్యార్థికి పత్రము కాగితమే యను వాదమును మేము సగము వఱకు ఒప్పుకొందుము.

కప్పిన ప్రతికి ప్రక్కగా విద్యార్థులు మఱియొక గడి గీసి, ఆ పొలమున నాట్లు వేసినవారెవరు, కాలువకు నీరు వదలినవారెవరు అని ఊరి ముదుసలులనడిగి నింపవచ్చును. డెబ్బదియేండ్ల వెనుకటి మాటను చెప్పువారి జ్ఞాపకమును గూడ పహాణీనడిగిన ప్రశ్నలే అడుగవలసియుండును: ఎవరు చెప్పిరి, తాము చూచినదా, విన్నదా, ఎవరి యెదుట చెప్పిరి?