పదిమంది విందుకు ఒక్కటే మెనూ

హైదరాబాద్ బేగంబజార్‌లో పెద్ద వంటపాత్ర కొనాలంటే బేరం కన్నా ముందు ఒక లెక్క తేలాలి: వంట ఎంతమందికి? ఇత్తడి గుండిగైనా, రాగి డేగ్ అయినా తినేవాళ్ల సంఖ్యను బట్టే సైజు. రెండో అసఫ్‌జా నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వ్యాపారులకిచ్చిన స్థలంలో వెలసిన ఈ బజారు ఇప్పటికీ విందు చేసేవాళ్లకు పెద్ద దిక్కు. పెళ్లి వంటకు తప్పనిసరి అనుకునే ఈ లెక్క, అదే నగరంలో పన్నెండు మంది కలిసి ఫ్రెంచ్ రెస్టారెంట్‌కు వెళ్లినప్పుడు ఎవరికీ గుర్తుండదు. ఎవరి మెనూ కార్డు వాళ్లది, ఎవరి ఆర్డరు వాళ్లది. పదిమంది దాటిన విందుకు ఈ పద్ధతి పనికిరాదనీ, మెనూ ముందే ఖాయం చేసుకోవాలనీ నా వాదన.

మొదటి కారణం వంటింట్లోనే ఉంది. ఫ్రెంచ్ వంటశాలలో పనిని విభాగాలుగా పంచి, ఆ ఏర్పాటును ఒక క్రమంలో పెట్టినవాడు ఫ్రెంచ్ షెఫ్ ఎస్కోఫియే. సాస్‌లకు ఒకరు, చేపకు ఒకరు, చల్లటి వంటకాలకు ఒకరు. ఆర్డరు అందాకే చాలా ప్లేట్లు మొదలవుతాయి. చేప నిమిషాల్లో ఉడుకుతుంది. మాంసాన్ని కాల్చాక కోసే ముందు కాసేపు కదపకుండా ఉంచాలి. సూఫ్లే ఓవెన్‌లోంచి తీసిన కొద్దిసేపటికే కుంగిపోతుంది. పన్నెండు మంది పన్నెండు రకాలు చెబితే అవన్నీ ఒకేసారి బల్ల మీదికి రావడం గగనమే. వేడిగా వచ్చిన ప్లేటు ముందు మర్యాదస్తులు చేతులు ముడుచుకుని కూర్చుంటే అది చల్లారిపోతుంది. పెద్ద బృందాలకు చాలా రెస్టారెంట్లు సెట్ మెనూ అడిగేది ఇందుకే.

రెండో కారణం విందు అనే మాటకే సంబంధించింది. 2010లో యునెస్కో ఫ్రెంచ్ విందును సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఏదో ఒక వంటకానికి పట్టం కట్టలేదు. పుట్టుక, పెళ్లి, పుట్టినరోజు లాంటి సందర్భాల్లో అందరూ కూడి, ఒక వరుసలో వచ్చే వంటకాలను కలిసి ఆస్వాదించే ఆచారాన్ని గుర్తించింది. మన బంతి భోజనం నడిచేదీ ఇలాగే. విస్తళ్లన్నీ నిండాకే మొదటి ముద్ద, అందరూ ముగించాకే లేవడం. పాతబస్తీ పెళ్లిళ్లలో చౌకీ చుట్టూ కూర్చున్నవాళ్లు బిర్యానీ నుంచి డబుల్ కా మీఠా దాకా ఒకే వరుసలో తింటారు. 2019లో యునెస్కో ఆహార సృజన నగరంగా గుర్తించిన హైదరాబాద్‌కు ఈ సంగతి ఇంకొకరు నేర్పనక్కర్లేదు.

రుచులూ నియమాలూ అందరికీ ఒకటి కావు కదా అంటారు. న్యాయమైన అభ్యంతరమే. ఉల్లీ వెల్లుల్లీ ముట్టని జైనులు, హలాల్ మాత్రమే తినేవాళ్లు, గుడ్డు తిననివాళ్లు ఒకే బల్ల దగ్గర చేరే నగరం ఇది. అయితే ముందస్తు మెనూ అవసరం ఎక్కువయ్యేది కూడా ఇక్కడే. ఫ్రెంచ్ ఉల్లిపాయ సూప్‌ను సంప్రదాయంగా గొడ్డు ఎముకలు మరిగించిన రసంతో చేస్తారు. చాలా సాస్‌లలో వైన్ పడుతుంది, కొన్ని తీపి పదార్థాల్లో జెలటిన్ ఉంటుంది. రాత్రి ఎనిమిది గంటల రద్దీలో వెయిటరు ఇవన్నీ విచారించి చెప్పలేడు. నాలుగు రోజుల ముందు అడిగితే వంటవాడు చెప్పగలడు, మార్చగలడు కూడా. ప్రతి వరుసలో శాకాహారం ఒకటి, మాంసాహారం ఒకటి ఉంచితే ఎంపిక స్వేచ్ఛకూ లోటు రాదు. తక్కువ తిన్నవాళ్లూ అంతే కట్టాలి కదా అన్న మాట నిజమే. కాకపోతే తలకెంతో ముందే తెలుస్తుంది కాబట్టి, వద్దనుకున్నవాళ్లు అప్పుడే చెప్పవచ్చు. బిల్లు వచ్చాక ఒకరి మొహం ఒకరు చూసుకునే ఇబ్బంది ఉండదు.

కాబట్టి ఈసారి మీ ఆఫీసు వాళ్లనో బంధువులనో పెద్ద సంఖ్యలో తీసుకెళ్లేటప్పుడు, ఆ బాధ్యత ఒక్కరు తీసుకోండి. ఎవరేం తినరో అడిగి రాసుకోండి, రెస్టారెంట్‌కు ఫోన్ చేసి మెనూ ఖాయం చేయండి, అందరికీ ఒకేసారి వడ్డించమని చెప్పండి.