అవ్వకు చెప్పడం సరే, అవ్వ మాట వినేదెవరు?

పరిశోధకులు ల్యాబుల్లోంచి బయటికి రావాలి, తమ సైన్సును జనానికి అర్థమయ్యేలా చెప్పాలి అనే మాట ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో బాగా వినబడుతోంది. అందుకోసం శిక్షణ తరగతులు పెడుతున్నారు, పోటీలు నడుపుతున్నారు, బహుమతులు ఇస్తున్నారు. పైకి చూస్తే ఇది మంచి మాటే. జనం కట్టే పన్నులతో జరిగే పరిశోధన జనానికి తెలియాల్సిందే, కాదనేవాళ్లెవరు? కానీ ఏ జనం? చెప్పేదెవరు, వినేదెవరు? చెప్పేవాళ్లకు వినాల్సిన బాధ్యత ఏమీ లేదా? శిక్షణ గదుల్లో ఈ ప్రశ్నలు రావు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన పరిశోధకులుగా మేము ఆ గదుల్లో కూర్చున్నవాళ్లమే. కాబట్టి ఈ ప్రశ్నలు లేవనెత్తడం మా పని అనుకుంటున్నాం.

ముందు ఈ వ్యవహారం ఎట్లా వచ్చిందో చూద్దాం. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51-ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుల విధి అన్నది. 1982లో సైన్స్ ప్రచారం కోసం జాతీయ మండలి ఏర్పడింది. 1989లో విజ్ఞాన్ ప్రసార్ వచ్చింది. బ్రిటన్‌లో 1985లో రాయల్ సొసైటీకి బోడ్మర్ కమిటీ ఇచ్చిన నివేదిక, జనానికి సైన్స్ చెప్పడం శాస్త్రవేత్తల బాధ్యత అని తేల్చింది. జనానికి తెలియదు, తెలిసినవాడు చెబితే సరిపోతుంది అనే నమ్మకం అక్కడి నుంచి అన్ని దేశాల శిక్షణలకూ పాకింది. మన దగ్గర 2018లో కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ 'అవ్‌సర్' పేరుతో ఒక పోటీ పెట్టింది. పీహెచ్‌డీ విద్యార్థులు తమ పరిశోధనను మామూలు పాఠకుడికి కథలా చెప్పాలి, మొదటి బహుమతి లక్ష రూపాయలు. శాస్త్రవేత్తలు ఏడాదికి పది రోజులైనా సమాజం కోసం కేటాయించాలని 2019 నాటి ముసాయిదా ఒకటి సూచించింది. ఇంతా చేసి 2023లో విజ్ఞాన్ ప్రసార్‌ను మూసేశారు. సంస్థను ఎత్తేసి, బాధ్యతను మాత్రం ఒక్కొక్క పరిశోధకుడి నెత్తిన పెట్టినట్టయింది.

శిక్షణలో నేర్పేదేమిటి? కష్టమైన పదాలు వాడొద్దు, కథలాగా చెప్పు, మూడు నిమిషాల్లో ముగించు. వీటితో మాకు పేచీ లేదు. అరటిపండు ఒలిచినట్టు చెప్పడం రావాలి, అది కష్టమైన విద్యే. కానీ ప్రతి శిక్షణలోనూ ఒక మాట తప్పకుండా వస్తుంది: "మీ అమ్మమ్మకు కూడా అర్థమయ్యేలా చెప్పండి." ఈ మాట దగ్గర గది అంతా నవ్వుతుంది. మాకు నవ్వు రాదు. ఇక్కడ అమ్మమ్మ అంటే ఏమీ తెలియని మనిషికి మారుపేరు. మా అవ్వ నాట్లేసింది, కలుపు తీసింది, గొడ్డుకు జబ్బు చేస్తే పసిగట్టింది, ఏ బావి నీళ్లతో పప్పు ఉడుకుతుందో ఏ నీళ్లతో ఉడకదో తెలిసిన మనిషి. అవ్వకు చెప్పమంటున్నారే గానీ, అవ్వను అడిగి తెలుసుకోమని ఎవరూ నేర్పడం లేదు. ఇది నోరు జారిన మాట కాదు. ఒళ్లు వంచి పనిచేసేవాడికి జ్ఞానం ఉండదు, జ్ఞానం ఉన్నవాడు ఒళ్లు వంచడు అనే పాత బ్రాహ్మణీయ సూత్రమే కొత్త వేషంలో వచ్చి కూర్చుంది.

ఫ్లోరైడ్ సంగతి తీసుకుందాం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు వివరంగా నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ప్రాంతంలో. అయితే అంతకు ముందే రైతులు, దున్నడానికి కొని తెచ్చిన ఎద్దులు కొన్ని నెలలకే కాళ్లు బిగుసుకుపోయి కుంటడం గమనించారని ఈ జబ్బు చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. అంటే మొదటి పరిశీలన పొలంలో జరిగింది. పత్రికకెక్కింది మాత్రం డాక్టర్ల పేరు. ఆ తర్వాత నల్లగొండ. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటే, మర్రిగూడ వైపు ఊళ్లలో జనం అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగారు. నాగపూర్‌లోని నీరి సంస్థ 'నల్లగొండ టెక్నిక్' అనే పద్ధతి తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి, మెల్లగా తిప్పి, గంటసేపు తేరనిచ్చి, పై నీళ్లు వాడుకోవాలి. చెప్పడానికి ఇంతకంటే తేలికైన సైన్స్ ఉండదు. పోస్టర్ వేయొచ్చు, పాట కట్టొచ్చు, మూడు నిమిషాల్లో చెప్పొచ్చు.

మరి ఇళ్లల్లో ఎందుకు నిలబడలేదు? పటిక ఎంత వేయాలో ఆ నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉందో, ఎంత క్షారత ఉందో చూసి తేల్చాలి. బోరు మారితే లెక్క మారుతుంది. పరీక్ష చేసేదెవరు? పటిక ఎక్కువైతే నీళ్ల రుచి పోతుంది. అడుగున మిగిలిన బురద ఎక్కడ పారబోయాలి? కోడి కూసేసరికి కూలికి పోయే ఆడమనిషి ఏ గంటలో తిప్పాలి, ఏ గంటలో తేరనివ్వాలి? ఈ ప్రశ్నలన్నీ వాడలో ఉన్నాయి, శిక్షణ పుస్తకంలో లేవు. తిండి బాగా తిననివాళ్లలో, కాల్షియం తక్కువున్నవాళ్లలో జబ్బు ముదురుతుందని సైన్సే చెబుతోంది. దాన్ని 'ప్రచారం' చేసేవాడు పాలు తాగండి, ఆకుకూరలు తినండి అని చెప్పిపోతాడు. పాలు ఎవరి ఇంట్లో ఉంటాయి, మంచినీళ్ల బావి ఊళ్లో ఉందా వాడలో ఉందా, కూలి ఎంత అనే మాట ఎత్తడు. ఎత్తితే అది రాజకీయం అయిపోతుంది కదా! ఎముకలు వంగడానికి కారణాల్లో కులం ఉన్నప్పుడు, కులం మాట ఎత్తని వివరణ తేలికైన వివరణ కాదు, సగం వివరణ.

జనం మాత్రం నోరు మూసుకుని కూర్చోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు. మా నీళ్ల గోస దేశానికి తెలియాలని అంతమంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరును పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది. మా లెక్కలో మన ప్రాంతంలో జరిగిన అతి పెద్ద సైన్స్ ప్రచారం ఇదే. జబ్బు ఏమిటో, ఎక్కడి నుంచి వస్తోందో, ఏ నీళ్లు కావాలో తెలిసిన జనం ప్రభుత్వానికి అర్థమయ్యే భాషలో చెప్పారు. జవాబేమిటి? అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. చెప్పడం రాకపోవడం కాదు అసలు సమస్య. వినేవాడు లేకపోవడం.

ఇక భాష. ఇంగ్లీషు పదాలు తీసేసి తెలుగులో చెప్పండి అంటారు. ఏ తెలుగు? మన పాఠ్యపుస్తకాల్లో 'కిరణజన్య సంయోగక్రియ', 'ద్రవాభిసరణం' ఉన్నాయి. మా వాడకు ఇంగ్లీషు ఎంత దూరమో ఈ సంస్కృతమూ అంతే దూరం. బడిలో వీటిని బట్టీపట్టి గట్టెక్కినవాళ్లం, పట్టలేక బడి మానేసిన తోటివాళ్లను చూసినవాళ్లం. సైన్సుకు కావాల్సిన మాటలు మన దగ్గర లేవా? తోలును సున్నంలో నానేసి, వెంట్రుక రాల్చి, తంగేడు చెక్క నీళ్లలో ఊరేసే పని మాదిగలు తరతరాలుగా చేశారు. ఆ పనికి లంద మొదలుకుని ప్రతి దశకూ మాటలున్నాయి. తంగేడు చెక్కలో ఉన్నది టానిన్ అని రసాయనశాస్త్రం తర్వాత పేరు పెట్టింది. 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ వచ్చింది. ఇప్పుడు తోలు శుద్ధి గురించి సులభంగా రాయమంటే మన పరిశోధకుడు వంటగది పోలిక వెతుక్కుంటాడు. లంద పేరెత్తడానికి మొహమాటపడతాడు. ఆ మాట ఎత్తితే తన వాడ తెలిసిపోతుందనే భయం మొదటి తరం విద్యార్థిలో ఉంటుంది. ఆ భయాన్ని పోగొట్టని శిక్షణ భాషా శిక్షణ ఎట్లా అవుతుంది?

నిజానికి మొదటి తరం పరిశోధకుడు పుట్టుకతోనే దుబాసీ. ఆస్పత్రి చీటీ, బ్యాంకు నోటీసు, ఎరువుల బస్తా మీది రాతలు ఇంటిల్లిపాదికీ చదివి చెబుతూ పెరిగినవాడు. మన సంప్రదాయంలో ఇది కొత్త కాదు. ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేసిన అంబేద్కర్ 1920లో 'మూక్‌నాయక్', 1927లో 'బహిష్కృత భారత్' మరాఠీలో నడిపాడు. రూపాయి సమస్య మీద లండన్‌లో ఇంగ్లీషులో రాసినవాడే తన జనానికి తన జనం భాషలో రాశాడు. ఆ పాఠకుల దగ్గరికి జాలితో పోలేదు. వాళ్లకు జవాబుదారీగా ఉన్నాడు. వాళ్లతో కలిసి మహద్ చెరువు నీళ్లు ముట్టాడు.

ఇక్కడ రోహిత్ వేములను తలచుకోకుండా ముందుకు పోలేం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. కార్ల్ సాగన్ లాగా సైన్స్ రచయిత కావాలని ఎప్పుడూ కోరుకున్నానని 2016 జనవరి 17న రాసిన చివరి ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని కూడా అందులోనే రాశాడు. సైన్స్ రాసేవాళ్లు కావాలి, వాళ్లను తయారుచేయాలి అని ప్రకటించే వ్యవస్థకు, రాయాలని తపించినవాడు బతికే చోటు ఇవ్వడం చేతకాలేదు. ఏ వర్క్‌షాపూ ఈ సంగతి దాటేసి 'చెప్పే నైపుణ్యం' గురించి మాట్లాడలేదు. మాట్లాడకూడదు.

మేము చెప్పేదాన్ని తిరగేసి, సైన్సుకు వ్యతిరేకం అనేవాళ్లుంటారు. జనం చెప్పిందల్లా నిజమని మేము అనడం లేదు. చేతబడి, బాణామతి నెపం పెట్టి మనుషుల్ని చంపిన ఊళ్లు మనకు తెలుసు. ఆ నెపం ఎక్కువగా దిక్కులేని ఆడవాళ్ల మీద, మనవాళ్ల మీదే పడుతుందనీ తెలుసు. అందుకే సైన్స్ మనకు అందరికంటే ఎక్కువ కావాలి. కానీ పరీక్షకు నిలబడటం సైన్స్ ధర్మమైతే, జనం అడిగే ప్రశ్నకు నిలబడటం కూడా ఆ పరీక్షలో భాగమే.

కాబట్టి శిక్షణ వద్దని మేము అనడం లేదు, శిక్షణ మారాలంటున్నాం. ఒక ఊళ్లో రక్తం, నీళ్లు, మట్టి నమూనాలు తీసుకున్న పరిశోధకుడు ఫలితాన్ని ముందు ఆ ఊరికి, ఆ ఊరి మాటల్లో చెప్పాలి. ఇంకా తేలనిది ఉంటే తేలలేదని చెప్పాలి. శిక్షణ ఇచ్చేవాళ్లలో పారిశుధ్య కార్మికులు, కూలి తల్లులు, చేతిపనివాళ్లు ఉండాలి. నిపుణుడికి ఇచ్చే రుసుమే వాళ్లకూ ఇవ్వాలి. రాసిన కథకు మార్కులు వేసేది కమిటీ ఒక్కటే కాదు, ఆ కథ ఎవరి గురించో వాళ్లు కూడా. తెలుగులో జనం కోసం చేసిన పని పీహెచ్‌డీ పనిగా లెక్కలోకి రావాలి. దానికయ్యే దారి ఖర్చు, రోజులు ఇవ్వాలి. లేకపోతే ఇది ఇంటి దగ్గర వెనకేసుకున్నవాళ్లు మాత్రమే చేయగల సేవగా మిగిలిపోతుంది.

ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులు, కార్యకర్తలు, తోటి విద్యార్థులు మీమీ దగ్గర జరిగే శిక్షణల్లో ఈ ప్రశ్నలు పెట్టండి. "అమ్మమ్మకు అర్థమయ్యేలా" అన్నప్పుడు చేయి ఎత్తి, అమ్మమ్మ ఏం అడిగిందో మీకు తెలుసా అని అడగండి. జవాబు రాకపోతే శిక్షణ అక్కడి నుంచి మొదలుపెట్టమనండి.