ఈ ఏడు మీ కవిత్వ పుస్తకం ఏది?

డిసెంబరు దగ్గర పడితే హైదరాబాద్ పాఠకులకు బుక్ ఫెయిర్ గాలి సోకుతుంది. అక్కడి నుంచి సంచులు నింపుకొని ఉప్పల్‌కీ నాచారానికీ చేరేవాళ్లు తక్కువేమీ కాదు. ఆ రోజుల్లోనే నలుగురు ఒకచోట కూర్చుని, ఏడాదిలో చదివిన కవిత్వంలో తమకు నచ్చిన పుస్తకాన్ని మిగతావాళ్లకు పరిచయం చేస్తే ఎంత బాగుంటుంది! కాలనీ కమ్యూనిటీ హాలు దొరికితే సరే, లేకుంటే మిద్దె మీద నాలుగు కుర్చీలు చాలు. ముఖ్య అతిథీ శాలువాలూ అక్కర్లేదు. కావలసిందల్లా చెప్పే పద్ధతి.

నచ్చినదాన్ని ఏరి పదిమందికి అందించడం తెలుగులో పాత అలవాటే. కావ్యం మొదలుపెడుతూ పూర్వకవులను తలచుకోవడం ఆనవాయితీ. అంటే మన కవులు తాము ఎవరిని చదివారో ముందే చెప్పుకున్నారు. మడికి సింగన ‘సకలనీతిసమ్మతం’లో తనకు ముందటి గ్రంథాల నుంచి నీతి పద్యాలు ఏరి కూర్చాడు. వాటిలో కొన్ని గ్రంథాలు తర్వాత కనపడకుండా పోయాయి. వాటి పద్యాలు మనకు మిగిలింది ఆ ఎంపిక వల్లే. వేటూరి ప్రభాకరశాస్త్రి ‘ప్రబంధరత్నావళి’ కూడా అలా పోయిన కావ్యాల జాడ చూపించింది. 1935లో ముద్దుకృష్ణ కూర్చిన ‘వైతాళికులు’ అప్పటి కొత్త కవులను ఒక్కచోట చూపించింది. పుస్తకం అచ్చయితే సరిపోదు, దాన్ని ఇష్టపడి ఇంకొకరికి అందించే పాఠకుడూ ఉండాలి.

ఎంపికలో మొదటి సంగతి: ‘ఈ ఏడు వచ్చిన పుస్తకం’ అని గిరి గీసుకోవద్దు, ‘ఈ ఏడు చదివింది’ అనుకోవాలి. కవిత్వ సంపుటాలు చాలావరకు కవి సొంత ఖర్చుతో, కొద్ది ప్రతులే అచ్చవుతాయి. కాచిగూడ నవోదయ పుస్తకాల షాపు దాకా వెళ్లి అడిగితే గానీ కొన్ని కంటపడవు. అందుకే మంచి సంపుటి మన చేతికి రావడానికి రెండుమూడేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు.

రెండోది: పుస్తకం గురించి పావుగంట మాట్లాడే బదులు ఒక్క కవిత పైకి చదవాలి. ఎలా చదవాలో ఆ కవిత్వమే చెబుతుంది. ఎన్.గోపి రూపొందించిన నానీ సంగతే చూడండి. నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు. వినేవాడు చెవి ఒగ్గేలోపే అయిపోతుంది. కాబట్టి ఒకసారి చదివి, కాసేపు ఆగి, మళ్లీ చదవాలి. వరసగా పది నానీలు చదివితే ఒక్కటీ నిలవదు. అదే గోపి రాసిన ‘జలగీతం’ దీర్ఘకావ్యం. అక్కడ ముందు జరిగినదాన్ని రెండు ముక్కల్లో చెప్పి, నడక తెలిసేలా ఒక భాగం ఆపకుండా చదవాలి. గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’ తీసుకుంటే కథ వేరు. 2021 సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న ఆ పాటల పుస్తకాన్ని కళ్లతో చదివి ఊరుకుంటే సగమే అందుతుంది. గొంతు ఎలా ఉన్నా పాడాల్సిందే.

ఈ పని ఉప్పల్, నాచారాల్లో మరీ బాగా కుదురుతుంది. వరంగల్, యాదగిరిగుట్ట బస్సులు పట్టే ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర నిలబడితే ఎన్ని యాసలో! నాచారం పారిశ్రామికవాడలో పనికొచ్చినవాళ్లు ఎన్నో ఊళ్ల మాట వెంట తెచ్చుకున్నారు. పల్లిపట్టు నాగరాజు ‘యాలై పూడ్సింది’ని చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లూ, తగుళ్ల గోపాల్ ‘దండకడియం’ని పాలమూరు వాళ్లూ చదివి వినిపిస్తే పక్కవాళ్లకు అర్థం కాని మాట కూడా గొంతులోనే సగం విడిపోతుంది. మిగతా సగం అడిగి తెలుసుకోవచ్చు. రెండూ సాహిత్య అకాడమీ యువ పురస్కారం పొందిన పుస్తకాలే. పురస్కారం పుస్తకానికి పేరు తెస్తుంది, దాని యాసను మాత్రం చదివేవాళ్లే బతికించాలి.

ఇక మాట్లాడేటప్పుడు ‘అద్భుతం’, ‘హృద్యం’ లాంటి మాటలు పక్కన పెట్టడం మంచిది. అవి ఏ పుస్తకానికైనా అతుకుతాయి. ఫలానా పేజీలో ఫలానా పాదం దగ్గర ఎందుకు ఆగిపోయారో చెప్పండి. తేలిపోయిన కవిత ఉంటే అదీ చెప్పండి. నూరు పేజీల సంపుటిలో అన్నీ బాగున్నాయంటే వినేవాళ్లు నమ్మరు. కవి స్నేహితుడైతే ఆ మాట ముందే చెప్పేయడం మర్యాద.

చివరగా, ఎవరు ఏ పుస్తకం చెప్పారో, ఏ కవిత చదివారో ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. తెచ్చిన పుస్తకం అడిగినవాళ్లకు ఇచ్చి, పేరూ తేదీ కూడా అందులోనే రాయండి. ఏడాది తిరిగాక చూస్తే ఏ పుస్తకం ఎన్ని ఇళ్లు తిరిగిందో తెలిసిపోతుంది. అమ్మకాల లెక్కలో కనపడని ఆదరణ అది. తన పుస్తకం నాచారంలో అయిదుగురి చేతులు మారిందని తెలిస్తే ఏ కవికైనా తర్వాతి పుస్తకం రాయడానికి అంతకంటే ఏం కావాలి?