నీలం తిరిగే పెట్రీ పళ్లెం

మెకానిక్ షెడ్డు ముందు ఆయిలు ఇంకి నల్లబడ్డ మట్టి కనిపిస్తే నా చేయి ఊరుకోదు. చెంచాడు సీసాలో వేసుకుని ల్యాబుకు తెస్తాను. నత్రజని, భాస్వరం, ఇంకొన్ని లవణాలు తప్ప మరేమీ లేని నీళ్లలో కలిపి, తిండిగా నాఫ్తలీన్ పలుకులు వేస్తాను. బీరువాలో బట్టల మధ్య పెట్టే కలరా ఉండల సరుకే అది. ఆ ద్రవంలో కొంచెం తీసి కొత్త ద్రవంలోకి మారుస్తూ పోతే, నాఫ్తలీన్‌తో బతకగల బ్యాక్టీరియా మిగులుతుంది. చాలాసార్లు అది సూడోమోనాస్ జాతిదే.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం తర్వాత వస్తుంది. పళ్లెంలో పెరిగిన కాలనీలకు ఇండోల్ అనే పదార్థపు ఆవిరి తగిలిస్తే కొన్ని నీలం తిరుగుతాయి. నాఫ్తలీన్‌కు ఆక్సిజన్ తగిలించే ఎంజైమే ఇండోల్‌కూ తగిలిస్తుంది. ఆ ఇండోల్ చివరికి నీలిమందు అవుతుంది. ఒకప్పుడు కడప సీమలో చెట్టు నుంచి తీసిన రంగే ఇది. 1983లో ఎన్‌స్లీ బృందం ఈ ఎంజైము జన్యువులను ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో పెడితే, అదీ నీలిమందు తయారుచేసింది.

నాఫ్తలీన్‌లో ఉన్నవి కర్బనం, హైడ్రోజన్ మాత్రమే. జంట వలయాలుగా బిగిసిన ఆ అణువును కదిలించడం కష్టం. గాలిలోని ఆక్సిజన్ దానంతటదే ఆ పని చేయదు. అందుకే ఎన్‌ఏడీహెచ్ ఇచ్చిన ఎలక్ట్రాన్లు రిడక్టేజ్ అనే ప్రొటీన్ నుంచి ఫెర్రిడాక్సిన్‌కు, అక్కడి నుంచి నాఫ్తలీన్‌కు ఆక్సిజన్ తగిలించే ఆ ఎంజైము, డయాక్సిజనేజ్‌లోని ఇనుముకు చేరతాయి. ఆ ఇనుము దగ్గర ఆక్సిజన్ అణువు చీలి, రెండు పరమాణువులూ పక్కపక్క కర్బనాలకు ఒకే వైపున అతుక్కుంటాయి. ఆ మొదటి మెట్టు దాటాక వలయం తెరుచుకుంటుంది, శాలిసిలేట్ వస్తుంది, మిగతాది మామూలు జీర్ణక్రియే. గాలి ఆక్సిజన్ నేరుగా అణువులో చేరగలదని 1955లో ఒసాము హయాయిషి అనే శాస్త్రవేత్త బరువైన ఆక్సిజన్ ఐసోటోపు వాడి చూపేదాకా, అణువులో చేరే ఆక్సిజన్ నీటి నుంచే వస్తుందన్నది బలమైన నమ్మకం.

ఆ మొదటి మెట్టుకు గాలిలోని ఆక్సిజన్ కావాలి కాబట్టే, ఫ్లాస్కులు ఊపే షేకర్ ఆపవద్దని విద్యార్థులకు పదేపదే చెబుతాను. ఆయిలు ఒలికిన నేలలో బయటి బ్యాక్టీరియా పోయడం కన్నా, అక్కడున్న వాటికి గాలి, నత్రజని, భాస్వరం అందించడమే ముందు చేయాల్సిన పని అని నా గట్టి నమ్మకం. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు అలాస్కా తీరాన్ని ముంచినప్పుడు ఒడ్డున ఎరువు చల్లింది ఇందుకే. గాలి చొరబడని అడుగు మట్టిలో డయాక్సిజనేజ్‌కు పనుండదు. అక్కడ వేరే బ్యాక్టీరియా చమురులోని టాలుయీన్‌ను ఫ్యూమరేట్‌తో కలిపి, ఆక్సిజన్ లేకుండానే, నిదానంగా విరగ్గొడుతుంది.