థాయ్ పౌరసత్వ దరఖాస్తు: చట్టం చెప్పేది, కార్యాలయం అడిగేది – ఒక విమర్శనాత్మక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు:
• థాయ్‌లాండ్‌లో విదేశీయుడు పౌరసత్వం పొందడానికి చట్టం విధించిన షరతులను వివరించగలుగుతారు.
• చట్టపాఠానికీ దాని అమలుకూ మధ్య ఉన్న దూరాన్ని గుర్తించగలుగుతారు.
• విచక్షణాధికారం, ప్రవేశ పరిమితి, మార్కుల పద్ధతి అనే మూడు పరిపాలనా సాధనాలను విమర్శనాత్మకంగా అంచనా వేయగలుగుతారు.
• ఈ అంశంలో థాయ్, భారత చట్టాలను పోల్చగలుగుతారు.

9.1 ప్రవేశిక

పౌరసత్వం పుట్టుక వల్ల, వంశం వల్ల, నమోదు వల్ల, సహజీకరణ వల్ల లభిస్తుందని మీకు తెలుసు. మొదటి మూడు పద్ధతుల్లో వ్యక్తికి ఏదో ఒక ఆధారం ముందే ఉంటుంది. సహజీకరణలో అలాంటి ఆధారం ఉండదు. పరాయి దేశస్థుడు కార్యాలయం ముందు నిలబడి 'నన్ను మీలో ఒకరిగా చేర్చుకోండి' అని అడగాలి. ఒక రాజ్యం తనను తాను ఎలా చూసుకుంటుందో ఈ సందర్భంలోనే స్పష్టంగా బయటపడుతుంది.

దీనికి థాయ్‌లాండ్ మంచి ఉదాహరణ. అక్కడ సహజీకరణ చట్టం 1911లో, జాతీయతా చట్టం 1913లో వచ్చాయి. ఇప్పుడు అమలులో ఉన్నది బౌద్ధ శకం 2508 నాటి జాతీయతా చట్టం, అంటే క్రీ.శ. 1965 నాటిది. దీనికి 1992, 2008, 2012 సంవత్సరాల్లో సవరణలు జరిగాయి. థాయ్ భాషలో జాతీయతను 'సన్‌చాత్' అంటారు. అందులో ఉన్నది మనకు తెలిసిన 'జాతి' శబ్దమే. విదేశీయుణ్ణి 'తాంగ్ దావ్' అంటారు. వేరే నేలకు చెందినవాడు అని దాని అర్థం. ఒక నేలకు చెందినవాడు మరొక జాతిలో చేరడానికి నడవవలసిన దారిని ఈ భాగంలో పరిశీలిద్దాం.

మన వాదం ఇది: థాయ్ చట్టంలో రాసి ఉన్న షరతులు కొద్దివి, సరళమైనవి. దరఖాస్తుదారుని భవితవ్యాన్ని ఎక్కువగా నిర్ణయించేవి చట్టంలో రాయని విషయాలు.

9.2 చట్టం చెప్పేది

చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం సహజీకరణ కోరే వ్యక్తికి ఐదు అర్హతలు ఉండాలి.

1. థాయ్ చట్టం ప్రకారమూ, తన దేశ చట్టం ప్రకారమూ యుక్తవయస్కుడై ఉండాలి.
2. సత్ప్రవర్తన ఉండాలి.
3. స్థిరమైన వృత్తి ఉండాలి.
4. దరఖాస్తు తేదీ నాటికి థాయ్‌లాండ్‌లో ఐదేళ్లకు తగ్గకుండా నిరంతరంగా స్థిరనివాసం ఉండాలి.
5. నిబంధనల్లో పేర్కొన్న మేరకు థాయ్ భాష తెలిసి ఉండాలి.

ఈ జాబితాను మన దేశపు 1955 నాటి పౌరసత్వ చట్టంతో పోల్చి చూడండి. సాధారణంగా మన చట్టం దరఖాస్తుకు ముందు పన్నెండు నెలల నిరంతర నివాసాన్నీ, దానికి ముందున్న పద్నాలుగేళ్లలో మొత్తం పదకొండేళ్ల నివాసాన్నీ కోరుతుంది. కాగితం మీద చూస్తే థాయ్ చట్టమే ఉదారంగా కనిపిస్తుంది. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో తరువాతి విభాగంలో చూద్దాం.

9.3 ఒక్క మాటలో దాగిన ఎనిమిదేళ్లు

నాలుగో షరతులోని 'స్థిరనివాసం' అనే మాటను జాగ్రత్తగా గమనించండి. ఐదేళ్లు ఆ దేశంలో అద్దె ఇంట్లో ఉండి, పన్నులు కట్టి, ఏటా వీసా పొడిగించుకుంటే సరిపోతుందని మామూలు పాఠకుడు అనుకుంటాడు. అధికారుల అన్వయం వేరు. మినహాయింపు లేని దరఖాస్తుదారుడు ముందుగా శాశ్వత నివాస అనుమతి పొంది, ఆ హోదాలో ఐదేళ్లు గడపాలి. తాత్కాలిక వీసాపై ఉన్న విదేశీయుని పేరు నమోదయ్యే ఇంటి పుస్తకం పసుపు రంగులో ఉంటుంది. థాయ్ పౌరులకూ శాశ్వత నివాసులకూ ఉండేది నీలం రంగు పుస్తకం. లెక్కలోకి వచ్చేది నీలం పుస్తకంలోని కాలమే.

ఆ అనుమతి కోసం 1979 నాటి వలస చట్టాన్ని ఆశ్రయించాలి. అంతకు ముందు కనీసం మూడేళ్లు వరుసగా ఏడాది పొడిగింపులతో అక్కడ నివసించి ఉండాలి. ఒక్కో దేశం నుంచి ఏడాదికి నూరుగురికి మించి ఈ అనుమతి ఇవ్వరాదని చట్టం పరిమితి పెట్టింది. ఏ దేశమూ లేనివారికి ఈ పరిమితి యాభై. నూట నలభై కోట్ల జనాభా ఉన్న భారతదేశానికీ, పది లక్షలు కూడా లేని భూటాన్‌కూ అదే నూరు. పైకి ఇది సమానత్వంగా కనిపిస్తుంది. ఆచరణలో మాత్రం ఒక భారతీయుడు తన యోగ్యతతోపాటు ఆ ఏడాది దరఖాస్తు చేసిన తోటి భారతీయుల సంఖ్యపైన కూడా ఆధారపడవలసి వస్తుంది.

రుసుములనూ గమనించండి. శాశ్వత నివాస దరఖాస్తుకు 7,600 బాత్‌లు, అనుమతి లభిస్తే సాధారణంగా 1,91,400 బాత్‌లు చెల్లించాలి. ఆ తరువాత వచ్చే పౌరసత్వ దరఖాస్తుకు 5,000 బాత్‌లే. అసలు ద్వారం కన్నా దాని ముందున్న వసారాకే ఖరీదు ఎక్కువ. అంత చెల్లించిన శాశ్వత నివాసికి కూడా ఉద్యోగం చేయాలంటే పని అనుమతి పత్రం కావాలి. విదేశానికి వెళ్లి రావాలంటే ముందుగా తిరుగు ప్రవేశ అనుమతి తీసుకోవాలి.

మూడేళ్లు, ఐదేళ్లు కలిపితే ఎనిమిది. దస్త్రాలు కదలడానికి పట్టే కాలం దీనికి అదనం. చట్టంలో ఐదుగా కనిపించిన అంకె ఆచరణలో ఇలా పెరుగుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
'స్థిరనివాసం' అనే పదానికి చట్టపాఠం ఇచ్చే అర్థానికీ, కార్యాలయం ఇచ్చే అర్థానికీ తేడా ఏమిటి? ఐదు వాక్యాల్లో రాయండి.

9.4 మార్కులు, ఆదాయం, గీతం

బ్యాంకాక్‌లో దరఖాస్తును స్వీకరించేది పోలీసు శాఖలోని ప్రత్యేక విభాగం. ఇది భద్రతా వ్యవహారాలు చూసే విభాగం. కొత్త పౌరుణ్ణి రాజ్యం మొదట అనుమానితునిగా పరిశీలించి, ఆ తరువాతే సభ్యునిగా చూస్తుందనడానికి ఈ ఏర్పాటే సాక్ష్యం. నేరచరిత్ర, ఉద్యోగం, ఆదాయపు పన్ను వివరాల విచారణ పూర్తయ్యాక దస్త్రం అంతర్గత వ్యవహారాల మంత్రిత్వ శాఖకు వెళ్తుంది. అక్కడ ఒక సంఘం దరఖాస్తుదారుణ్ణి ముఖాముఖి ప్రశ్నిస్తుంది.

'స్థిరమైన వృత్తి' అని చట్టం అన్నది. ఎంత ఆదాయమో అనలేదు. ఆ అంకెలు మార్గదర్శకాల్లో ఉన్నాయి. థాయ్ కుటుంబ సంబంధం ఉన్నవారికి నెలకు 40,000 బాత్‌లు, అలాంటి సంబంధం లేనివారికి 80,000 బాత్‌లు. వయసు, విద్య, ఆదాయం, నివాస కాలం, భాష, వ్యక్తిత్వం వంటి అంశాలకు కలిపి నూరు మార్కులు ఉంటాయి. యాభై రావాలి.

ఈ మార్కుల పద్ధతిని రెండు విధాలుగా చూడవచ్చు. ఒక దేశానికి చెందడమనే అనుభవాన్ని పరీక్షపత్రంగా మార్చడం కృత్రిమమే. కూరగాయల బండి నడుపుతూ ఇరవై ఏళ్లుగా ఊరివాళ్లతో కలిసిపోయినవాడికన్నా, పట్టా ఉండి పెద్ద జీతం తీసుకునే ఇంజినీరుకు ఇక్కడ ఎక్కువ మార్కులు వస్తాయి. అయితే అధికారి ఇష్టాయిష్టాలకు ఈ మార్కులే ఒక కట్టడి. తనకు ఎక్కడ తక్కువ పడుతుందో దరఖాస్తుదారుడు ముందే లెక్క వేసుకోగలడు. కాబట్టి మార్కులు ఉండటాన్ని తప్పు పట్టడం కన్నా, వేటికి మార్కులు ఇస్తున్నారని అడగడం సరైన విమర్శ అవుతుంది.

భాషా షరతు విషయమూ ఇలాంటిదే. మినహాయింపు లేనివారు థాయ్ భాష మాట్లాడి, అర్థం చేసుకోవడంతోపాటు జాతీయ గీతాన్నీ రాజగీతాన్నీ పాడి వినిపించాలి. ఉదయం ఎనిమిదికీ సాయంత్రం ఆరుకూ బహిరంగ ప్రదేశాల్లో జాతీయ గీతం వినిపించే దేశంలో ఇది సహజమైన కోరికే. ఆ గీతం తెలియనివాడు అక్కడి దైనందిన జీవితానికి దూరంగా ఉన్నాడని అనుకోవచ్చు. అయినా గీతాన్ని కంఠస్థం చేయడం వేరు, అద్దె ఒప్పందాన్ని చదివి అర్థం చేసుకోవడం వేరు. మన చట్టం రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలు భాషల్లో ఏదో ఒకటి తగినంతగా తెలిస్తే చాలంటుంది. అంటే తెలుగు తెలిసిన విదేశీయుడు భారత పౌరసత్వానికి భాషాపరంగా అర్హుడే. బహుభాషా రాజ్యానికీ ఏకభాషా జాతి భావనకూ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది.

9.5 భార్యకు ఒక దారి, భర్తకు ఒక దారి

థాయ్ పురుషుణ్ణి పెళ్లాడిన విదేశీ స్త్రీ 9వ సెక్షన్ కింద జాతీయత కోరవచ్చు. ఆమె విషయంలో ఇది సహజీకరణే కాదు. కాబట్టి 10వ సెక్షన్ షరతులు ఆమెకు అడ్డురావు. థాయ్ స్త్రీని పెళ్లాడిన విదేశీ పురుషునికి చాలాకాలం ఎలాంటి సడలింపూ లేదు. 2008 సవరణ 11వ సెక్షన్‌లో అతణ్ణి చేర్చి, నివాస కాలం, భాష అనే రెండు షరతుల నుంచి మినహాయింపు ఇచ్చింది. వృత్తి షరతు మాత్రం అతనికి అలాగే ఉంది.

ఇందులోని భావజాలాన్ని గమనించండి. భార్య భర్త ఇంటిలో కలిసిపోతుంది, భర్త మాత్రం సంపాదించి నిరూపించుకోవాలి. పాత కుటుంబ వ్యవస్థ నమ్మకం ఇలా చట్టం రూపంలో నిలిచిపోయింది. 2008 సవరణ అసమానతను తగ్గించింది, తొలగించలేదు.

9.6 విచక్షణాధికారం, గడువు లేని నిరీక్షణ

అన్ని షరతులూ నెరవేరినా పౌరసత్వం హక్కుగా రాదు. 12వ సెక్షన్ ప్రకారం అనుమతించడం, నిరాకరించడం మంత్రి విచక్షణకు చెందిన విషయం. మంత్రి అంగీకరిస్తే దస్త్రం రాజు ఆమోదానికి వెళ్తుంది. ఆ తరువాత దరఖాస్తుదారుడు విధేయతా ప్రమాణం చేయాలి. రాజపత్రంలో పేరు ప్రచురితమైన తరువాతే జాతీయత అమలులోకి వస్తుంది. ఈ మెట్లలో దేనినీ ఇన్ని రోజుల్లో పూర్తి చేయాలని చట్టం చెప్పదు. ఆ మధ్యకాలంలో ఉద్యోగం పోతే వృత్తి షరతు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. ఆలస్యం కార్యాలయానిదైనా నష్టం దరఖాస్తుదారునిదే.

ఇది థాయ్‌లాండ్‌కే పరిమితమైన లోపం కాదు. మన చట్టంలోని 14వ సెక్షన్ కూడా కారణం చెప్పకుండా సహజీకరణను నిరాకరించే అధికారాన్ని ఇస్తుంది. తన సభ్యులను ఎంచుకునే హక్కు రాజ్యానికి ఉందన్నది దీనికి సమర్థన. ఆ హక్కును అంగీకరించినా, కారణం తెలుసుకునే హక్కూ నిర్ణీత గడువూ దానికి విరుద్ధం కావు.

ఆలస్యం తప్పనిసరి కాదని కూడా గుర్తించండి. 2018లో థామ్ లువాంగ్ గుహలో చిక్కుకున్న బాలుర బృందంలో ముగ్గురు బాలురకూ వారి శిక్షకునికీ ఏ దేశ జాతీయతా లేదు. జూలై 10న రక్షణ పూర్తయింది, ఆగస్టు 8న వారికి థాయ్ పౌరసత్వం లభించింది. 2024 అక్టోబరు 29న థాయ్ మంత్రివర్గం దాదాపు 4.8 లక్షల మంది దీర్ఘకాల నివాసులకూ వారి పిల్లలకూ ప్రక్రియను సులభతరం చేయాలని నిర్ణయించింది. ఇవి 10వ సెక్షన్ కిందికి వచ్చే సందర్భాలు కావు. అయినా సంకల్పం ఉంటే అదే యంత్రాంగం త్వరగా కదలగలదని ఇవి చూపుతున్నాయి.

9.7 పొందినదాన్ని నిలుపుకోవడం

సహజీకృత పౌరుడు అందరితో సమానమేనా? 2017 రాజ్యాంగం ప్రకారం అతను ఐదేళ్లు గడిస్తేగాని ఓటు వేయలేడు. పార్లమెంటు దిగువ సభకు పోటీ చేయాలంటే పుట్టుకతో థాయ్ జాతీయుడై ఉండాలి. జాతీయతా చట్టంలోని 19వ సెక్షన్ మరింత ముఖ్యమైనది. వాస్తవాలు దాచినా, పాత జాతీయతను ఇంకా వాడుకుంటున్నట్లు ఆధారం దొరికినా, థాయ్‌లాండ్‌లో స్థిరనివాసం లేకుండా ఐదేళ్లకు మించి విదేశాల్లో ఉన్నా అతని జాతీయతను రద్దు చేయవచ్చు. భారత చట్టంలోనూ ఇలాంటి నిబంధన ఉంది, అక్కడ కాలం ఏడేళ్లు.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోండి. విజయవాడ నుంచి వెళ్లి బ్యాంకాక్‌లో స్థిరపడిన ఇంజినీరు థాయ్ పౌరసత్వం పొందాడు. భారత చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం స్వీకరించగానే అతని భారత పౌరసత్వం ముగుస్తుంది. భారత పాస్‌పోర్టును అప్పగించాలి. విదేశీ భారత పౌరుని కార్డు తీసుకోవచ్చు గాని, దానితో ఇక్కడ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనే వీలూ ఉండదు. వృద్ధులైన తల్లిదండ్రుల కోసం ఆరేళ్లు ఇక్కడే ఉండిపోతే 19వ సెక్షన్ అతనికి వర్తించవచ్చు. అప్పుడు అతనికి ఏ దేశమూ మిగలదు. ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించే దేశం నుంచి వచ్చినవాడికి వెనక ఒక ఆసరా ఉంటుంది. మనవాడికి అది లేదు. ఒకే సెక్షన్ బరువు మనిషి ఎక్కడి నుంచి వచ్చాడన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ చట్టంపై మనం చేయదగిన అత్యంత గంభీరమైన విమర్శ ఇదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
19వ సెక్షన్ భారతీయునిపై ఎక్కువ భారం మోపుతుందనడానికి కారణమేమిటి?

9.8 సారాంశం

థాయ్ జాతీయతా చట్టం ఐదు సరళమైన షరతులు విధించింది. 'స్థిరనివాసం' అన్వయం, దేశానికి నూరు అనే పరిమితి, ఆదాయపు అంకెలు, మంత్రి విచక్షణ వాటిని కఠినం చేశాయి. మార్కుల పద్ధతి కొంత స్పష్టతను తెచ్చింది, గడువు లేకపోవడం ఆ మేలును తగ్గించింది. ఏ చట్టాన్ని చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఈ మాటకు అర్థం చెప్పేది ఎవరు? ఎంతకాలంలో చెప్పాలి? తప్పు జరిగితే నష్టపోయేది ఎవరు?

9.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. థాయ్ సహజీకరణ ప్రక్రియలో విచక్షణాధికారం పాత్రను విమర్శనాత్మకంగా చర్చించండి.
2. థాయ్, భారత చట్టాల్లోని నివాస, భాషా షరతులను పోల్చండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. మార్కుల పద్ధతి గుణదోషాలు.
2. వివాహం ద్వారా జాతీయత – స్త్రీ పురుష భేదం.