పందికొక్కు – బాండికూట్: ఒక పదవ్యుత్పత్తి పరిశీలన

పాఠ్యభాగ లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఇంగ్లీషులోని 'బాండికూట్' అనే నామవాచకం మూలాన్ని, అర్థాలను వివరించగలుగుతారు.
• ఒక పదం భాష మారినప్పుడు ఏది నిలుస్తుందో, ఏది పోతుందో గుర్తించగలుగుతారు.
• నిఘంటువు ఇచ్చిన అర్థాన్ని విమర్శనాత్మకంగా చదవగలుగుతారు.

1. పరిచయం

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన పదాలు చెప్పమంటే మీరు క్షణంలో పది చెబుతారు. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లినవి చెప్పమంటే కాస్త ఆగుతారు. అలా వెళ్లిన కొద్ది పదాల్లో స్థిరంగా నిలిచిపోయినది 'బాండికూట్'. దీని మూలం మన 'పందికొక్కు'. విజయవాడ దిగువన కాలువ గట్ల మీద నడిచిన వారెవరికీ ఈ జంతువును పరిచయం చేయనక్కరలేదు. పొలంగట్టుకు కలుగు పెడుతుంది, పండిన వరికంకులను కొరికి లోపలికి చేరవేస్తుంది. ఆ కలుగులోంచే నీరు జారి ఒక మడి ఎండిపోతుంది, పక్క మడి మునుగుతుంది.

2. పదం మూలం

హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు 1886లో వెలువడింది. భారతీయ భాషల నుంచి ఇంగ్లీషులో చేరిన పదాలకు అది ప్రసిద్ధ ఆకరం. బాండికూట్‌కు అది తెలుగు మూలాన్నే చూపి, 'పంది-ఎలుక' అని అర్థం చెప్పింది. ఇప్పటి ఇంగ్లీషు నిఘంటువులూ ఇదే మాట చెబుతున్నాయి.

ధ్వని మార్పును గమనించండి. ఇంగ్లీషువారు పదం మొదట 'ప'ను కొంచెం ఊపిరి కలిపి పలుకుతారు. ఊపిరి కలవని మన 'ప' వారి చెవికి 'బ'లా వినిపిస్తుంది. అందువల్ల 'పంది' కాస్తా 'బాండి' అయింది. 'కొక్కు' ఎందుకు 'కూట్' అయిందో చెప్పడం అంత సులభం కాదు. ఇంగ్లీషులో 'కూట్' అనే నీటిపక్షి పేరు ముందే ఉంది కాబట్టి, వినని మాట విన్న మాటలో కలిసిందని ఊహించవచ్చు. మొదటిది ధ్వనిశాస్త్రం సమర్థించే వివరణ, రెండవది ఊహ. రెంటినీ ఒకే గాట కట్టకూడదు.

3. అభిమానం – ఆధారం

ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. కాబట్టి ఈ పదం బందరు రేవులోనే ఓడ ఎక్కిందని చెప్పాలని మనకు ఉబలాటంగా ఉంటుంది. నేనూ కృష్ణా జిల్లావాణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తలో తరగతిలో అలాగే చెప్పాను. వెనుక బెంచీ నుంచి ఒక విద్యార్థి, "మద్రాసులోనూ తెలుగువాళ్లు ఉన్నారు కదండీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. కంపెనీ బందరులో ఉండడం చరిత్ర. పదం బందరు నుంచే వెళ్లిందనడం నా అభిమానం. పదం తెలుగుదని రుజువైనంత మాత్రాన అది మన ఊరిదని రుజువు కాదు.

4. అర్థం మారిన తీరు

1788లో సిడ్నీలో ఆంగ్లేయుల వలస ఏర్పడింది. అక్కడ కోసుగా ముట్టె ఉండి, నేలను తవ్వి తినే ఒక చిన్న జంతువును చూసి, వారు తమకు తెలిసిన పేరే పెట్టారు. అది ఎలుక జాతిది కాదు. కంగారూలా పిల్లను సంచిలో పెంచే జీవి. ఈ విధంగా ఒకే పేరు కింద సంబంధం లేని రెండు జంతువులు చేరాయి.

అసలు విశేషం పదం వెంట వెళ్లని భావంలో ఉంది. తెలుగులో 'పందికొక్కులా మేస్తున్నాడు' అంటే పరుల సొమ్ము తిని బలిసినవాడు. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో 'బాండికూట్‌లా బీదవాడు', 'బాండికూట్‌లా దిగులుగా ఉన్నాడు' అంటారు. మన దగ్గర తిండిపోతు, అక్కడ దిక్కులేనివాడు. అయితే ఒక పోలిక మిగిలింది. పైన తీగ చెదరకుండా కింద బంగాళాదుంపలను తవ్వి దొంగిలించడాన్ని అక్కడ 'బాండికూట్ చేయడం' అంటారు. కలుగు తవ్వే గుణం మాత్రం సముద్రం దాటినా పోలేదు! 1996లో వచ్చిన 'క్రాష్ బాండికూట్' వీడియో ఆట ఆ ఆస్ట్రేలియా జంతువునే కథానాయకుణ్ణి చేసింది.

5. అనువాదకునికి హెచ్చరిక

ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఒక చారల బాండికూట్‌ను అంతరించకుండా కాపాడారు. 2021లో దాని స్థితి మెరుగుపడిందని ప్రకటించారు. ఈ వార్తను మీరు 'పందికొక్కుల సంరక్షణ' అని అనువదించారనుకోండి. దివిసీమ రైతు చదివి నవ్వుతాడు, లేదా కోప్పడతాడు. మూలం సరైనదే, అనువాదం మాత్రం తప్పు. పదం పుట్టిల్లు తెలుగే అయినా, తిరిగి వచ్చిన అర్థం వేరు. అక్కడ 'బాండికూట్ అనే సంచిజీవి' అని రాయడమే న్యాయం.

6. సారాంశం

వ్యుత్పత్తి పదం ఎక్కడ పుట్టిందో చెబుతుంది. ఇప్పుడు ఏ అర్థంలో బతుకుతోందో చెప్పదు. దాన్ని ప్రయోగమే చెప్పాలి. నిఘంటువును గౌరవించండి, కాని వాక్యాన్ని చూడకుండా దాని మాటను తుదితీర్పుగా తీసుకోకండి. మన పదం ప్రపంచంలో తిరుగుతోందని సంతోషించండి, ఆ సంతోషాన్ని ఆధారంగా చూపకండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. 'పంది' 'బాండి'గా మారడానికి కారణమేమిటి?
2. పందికొక్కు, బాండికూట్ పదాలతో ఏర్పడిన జాతీయాలను పోల్చండి.
3. మీ ప్రాంతంలో పందికొక్కు, ఎలుక, చుంచు అనే మాటలను ఏ తేడాతో వాడతారో ఇంటి పెద్దలను అడిగి పది వాక్యాల్లో రాయండి.