డీజే ఎవరి కోసం?

నంద్యాలైనా ఆళ్ళగడ్డైనా, పెళ్ళి మెరవణికి ఇప్పుడు డీజే బండి ఉండాల్సిందే. మంచి డీజే ఎవరని అడిగితే, ఎక్కువ బాక్సులు పేర్చినవాడంటారు కుర్రాళ్ళు. ఆ కొలత మగవాళ్ళ కొలత అనిపిస్తుంది నాకు.

ఈ సంగీతం పుట్టుక వేరు. 1977లో షికాగోలో మొదలైన 'వేర్‌హౌస్' క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ పాటలు కలిపేవాడు. బయట చోటు దొరకని నల్లజాతి, లాటినో స్వలింగ ప్రేమికులు అక్కడ భయం లేకుండా ఆడేవారు. 'హౌస్' సంగీతానికి ఆ క్లబ్బు పేరే వచ్చిందంటారు. ఆడేవాళ్ళ ఒంటిని గమనించి తర్వాతి పాట ఎంచుకోవడమే అక్కడ డీజే విద్య.

మరి మన వీధిలో? 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' పెళ్ళికూతురి మాటగా నడిచే పాట. ఆ ఏడాదే తెలంగాణలోని మంచిర్యాలలో ఒక పెళ్ళికూతురు బరాత్‌లో దానికి ఆడితే రెండు రాష్ట్రాలూ చూసి మురిశాయి. అదే పాట డీజే బండి మీద మోగితే, దరువు కింద ఆమె మాట నలిగిపోతుంది. బండి చుట్టూ మగవాళ్ళు, అరుగుల మీద ఆడపిల్లలు. పాట ఆమెది, వీధి వాళ్ళది.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తాయి. వీధిలో ఎవరికి చోటుందో ఏ నిబంధన కొలుస్తుంది? దరువు తగ్గించి, గొంతు వినిపించి, అరుగు మీది అమ్మాయి జంకు లేకుండా దిగి నాలుగడుగులు వేసేలా చేసేవాడే మంచి డీజే. బండి మీద ఆమే నిలబడి పాటలు కలిపితే మరీ మంచిది.